ఇల్లు కట్టవచ్చిన పరదేశి

కల్యాణ పట్టణమున ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చి దాసోహము నడుపుచుండెననియు, ఒకనాడు నిత్యముకంటె అధికముగా తెచ్చినందులకు భార్య లక్కమ్మ ఆయనను నిలదీసి, ఆ ఎక్కువ బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపెననియు శరణుల కథలు విన్న ప్రతి గృహమునను ఎరుగుదురు. అది దొంగిలించిన బియ్యము కాదు. దాచుకొనుటకు తెచ్చినదియు కాదు. దాసోహమునకే తెచ్చెను. అయినను ఆ ఇల్లాలు ఒప్పుకొనలేదు. పుణ్యకార్యము కొరకైనను మితిమీరిన ఆశ ఆశయే అని ఆమె తలంపు. ఈ కథను మనస్సున నుంచుకొని నేటి లోకాచారమొకదానిని పరీక్షింపవచ్చును.

ధనిక దేశముల వారు కొందరు తమ ఖర్చుతో విమానమెక్కి పేద దేశమునకు వచ్చి, వారము పది దినములు ఇటుకలు మోసి, ఇసుక జల్లించి, బీదవాని ఇంటి గోడ లేపి పోవుచున్నారు. ఇది కేవలము నిన్న మొన్నటి మాట కాదు. 1934 జనవరిలో బీహారు భూకంపమున గ్రామములు నేలమట్టము కాగా, స్విట్జర్లాండునుండి పియర్ సెరెసోల్ అను ఇంజనీరు కొద్దిమంది సహచరులతో వచ్చి అచటి జనులతో కలిసి గ్రామముల పునర్నిర్మాణమునకు పాటుపడెను. మొదటి ప్రపంచయుద్ధమున ధ్వంసమైన ఫ్రాన్సు దేశపు వెర్డూను ప్రాంతమున 1920లో ఇళ్ళు కట్టుటతో ఆయన ఈ సేవను ఆరంభించియుండెను. అటుపిమ్మట అమెరికాలో, జార్జియా రాష్ట్రపు అమెరికస్ పట్టణమున, మిల్లర్డ్ ఫుల్లర్ దంపతులు 1976లో 'హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ' అను సంస్థను నెలకొల్పిరి. ఫుల్లర్ యౌవనముననే లక్షాధికారియై, ఆ సంపద నంతయు విడిచిన న్యాయవాది. ఆ సంస్థ 1983లో భారతదేశమున తొలిసారి అడుగుపెట్టినది మరెచటనో కాదు, ఖమ్మమున. ఖమ్మము 1953 వరకు వరంగల్లు జిల్లాలోని భాగమే కదా! కావున ఈ ప్రశ్న ఓరుగల్లు వారికి దూరపు ప్రశ్న కాదు.

ఆ సంస్థ మొదట పెట్టుకొన్న నియమమొకటి గమనింపదగినది. ఇల్లు ఉచితము కాదు. లాభము లేక, వడ్డీ లేక, కట్టుటకైన వ్యయమును గృహస్థుడు వాయిదాలపై తీర్పవలెను. ఆ తీర్చిన సొమ్ము మరియొకని ఇంటికి పునాది యగును. అంతియే కాదు, ఇల్లు పొందు కుటుంబము తన ఇంటికిని, పొరుగువాని ఇంటికిని ఇన్ని గంటలని స్వయముగా శ్రమింపవలెను. జారిపడిన ఇష్టలింగమునకైనను కాయకము తప్పదని పట్టుపట్టిన నులియ చందయ్య కథ తెలిసినవారికి ఈ నియమము కొత్తగా తోపదు. పనిచేసి పొందినవాడు తల వంచుకొని తన గడప దాటనక్కరలేదు.

ఇచట చిక్కు లేదు. చిక్కంతయు వచ్చినవానితోనే.

లెక్క వేసి చూడవలెను. అమెరికానుండి హైదరాబాదునకు వచ్చి పోవుటకు విమానపు ఖర్చు లక్ష రూపాయలకు అటునిటుగా నగును. 2024 మార్చిలో తెలంగాణ ప్రభుత్వము ఆరంభించిన ఇందిరమ్మ ఇళ్ళ పథకమున, సొంత జాగా గలవానికి ఇల్లు కట్టుకొనుటకిచ్చు సహాయము 5 లక్షలు. అనగా అయిదుగురు రాక మానుకొని టిక్కెట్టు ధర పంపిన యెడల ఒక కుటుంబమునకు గూడు సమకూడును. పనితనమా, అది వేరు సంగతి. హనుమకొండలో తెల్లవారకమునుపే తాపీ, తట్ట చేతబట్టుకొని అడ్డామీద నిలుచు మేస్త్రీలు, కూలీలు కలరు. పొద్దెక్కు వరకు ఎవరును పిలువకున్న తిరిగి ఇంటికి పోవుదురు. అట్టి చోట, జన్మలో తాపీ పట్టని వైద్యుడో వకీలో వచ్చి వరుస పేర్చగా, మరునాడు మేస్త్రి గుండు వ్రేలగట్టి ఆ వంకర సరిచేయవలసియుండుట హాస్యాస్పదమే.

దీనికి సాధారణముగా చెప్పు సమాధానము, వచ్చినవాని హృదయము మారునని. కన్నులార చూచినవాడు జీవితాంతము దాతయగునని. ఇందు సత్యము లేకపోలేదు. 2006లో, తన 82వ యేట, అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ మహారాష్ట్రమున లోణావలా చెంత మలవలీ గ్రామమునకు వచ్చి, రెండువేలమందికి పైబడిన సేవకులతో కలిసి 100 ఇళ్ళ నిర్మాణమున చేయి కలిపెను. అంతకు నలువది యేండ్లకు ముందు ఆయన తల్లి లిలియన్, దాదాపు డెబ్బది యేండ్ల ముసలితనమున, బొంబాయి చెంత విక్రోలిలో నర్సుగా సేవ చేసి పోయినది. తల్లి నడిచిన త్రోవ కొడుకునకు తెలిసినదనుకొనవచ్చును. కాని బీదవాని గోడ ధనికుని హృదయమునకు అక్షరాభ్యాసపు పలక కావచ్చునా? తన మనశ్శాంతి కొరకు వచ్చి, గోడ ముందు ఫొటో తీసికొని పోయినవాడు ఏరికొన్నది మారయ్య ఏరిన అధికపు బియ్యమే. లక్కమ్మ అతనిని ద్వారముననే ఆపియుండెడిది.

అయినను సొమ్ము పంపిన చాలునను మాటయు నిలువదు. నిలువకపోవుటకు కారణము పరదేశియందు లేదు, ఇచటనే యున్నది. దళితవాడలోని ఇంటి ముంగిట తట్ట దింపి, ఆ ఇంటి కుండలోని నీరు త్రాగి, ఆ ఇల్లాలు వడ్డించిన అన్నము తిని, ఆమె బిడ్డల ప్రక్కన కూర్చున్నవాడు వేల మైళ్ళ దూరమునుండి వచ్చెను. అదే గ్రామమున నాలుగు వీధుల కవతల పుట్టి పెరిగినవాడు, జీవితమున ఒక్కనాడైనను ఆ వాడలో కాలు పెట్టియుండడు. మంత్రియైన బసవేశ్వరుడు హరళయ్యను ఏ పంక్తిలో కూర్చుండబెట్టెనో చెప్పుకొను ఇళ్ళలోనే ఇది జరుగుచున్నది. పరదేశి మోసిన ఇటుకకు విలువ తక్కువ. అతడు కూర్చున్న అరుగునకు విలువ ఎక్కువ. ఆ విలువ ఇచటివారి లోపమువలన వచ్చినది గనుక దానిని పొగడుటకైనను కొంత సిగ్గుపడవలసియుండును.

మరియొక ప్రయాణికుడు కలడు. కరీంనగరము, నిజామాబాదు, వరంగల్లు ప్రాంతములనుండి వేలమంది దుబాయికి, ఖతారునకు, సౌదీకి పోయి అచట మేడలు కట్టుచున్నారు. వీరును పరదేశమున ఇళ్ళు కట్టువారే. ఒకడు సెలవు పెట్టి తన సొమ్ముతో వచ్చును. మరియొకడు వడ్డీకి అప్పు తెచ్చి ఏజెంటుచేత పెట్టి పోవును. ఒకడు పదినాళ్ళకు తిరిగిపోవును. మరియొకడు తన ఊరిలో స్లాబు ఇల్లు వేయుటకై ఏండ్ల తరబడి లేబరు క్యాంపులో ఇరుకు మంచముపై పరుండును. మొదటివానిని సేవకుడందురు, పూలదండ వేయుదురు. రెండవవానికి దండ వేసినవారు లేరు. కూలి పుచ్చుకొన్నంత మాత్రమున పని కాయకము కాకపోదు. శరణులందరును తమ పనికి ధర పుచ్చుకొన్నవారే, ఆ ధరతోనే దాసోహము చేసినవారే. గల్ఫునుండి ఇంటికి పంపిన సొమ్ముతో చెల్లెలి పెండ్లి, తండ్రి వైద్యము, మూడు గదుల ఇల్లు సాగించినవాని చెమటను ఏ తూకమున తూచినను పరదేశి చెమటకంటె తక్కువ తూగదు.

కాబట్టి రాదలచినవాడు రావచ్చును. వచ్చుటకు ముందు, తాను పట్టు తాపీవలన అడ్డామీది కూలివాని దినము పోవుచున్నదా అని విచారించి, పోవునట్లైన ఆ కూలి తానే చెల్లించి, అతని క్రింద చేతిపనివాడుగా నిలువవలెను. గృహస్థుడు ఏ పని చెప్పిన ఆ పని చేయవలెను. ఇక ఇచటివారి సంగతి. మఠముల వసతిగృహములందు చదువుకొను బాలురు కలరు, వారికి ఆదివారములు కలవు. ప్రతి యేట వానకాలమునకు ముందు రేకులు సరిచేసికొనలేని వృద్ధుల ఇళ్ళు, ఆ మఠముల గోడలకు కూతవేటు దూరముననే యుండును. ఆ ఇళ్ళ వారికి ఒక నిచ్చెనయు, నలుగురు బాలురును, వారికి పని నేర్పుటకు కూలి పుచ్చుకొను ఒక మేస్త్రియు చాలును.