ఋషిఋణము

మానవునకు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని మూడు ఋణములు కలవు. విద్య నేర్చి, ఇతరులకు నేర్పినగాని ఋషిఋణము తీరదని పెద్దలు చెప్పుదురు.

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ట్రూరో యను ఓడ మద్రాసునుండి డర్బను చేరెను. అది మొదలు 1911 వరకు గిర్మిటు కూలీలు నేటాలు చెరకుతోటలకు వచ్చిరి. వారి బిడ్డలకు ప్రభుత్వపు బడులు చాలలేదు. పలుచోట్ల పెద్దలు కూలిడబ్బులో చందాలు వేసి, తామే ఇటుకలు మోసి బడులు కట్టిరి.

నేడు చెరకుతోటల కావల జూలూ గ్రామములలో బిడ్డలు అట్లే దూరము నడచి బడికి వచ్చుచున్నారు. శనివారము అచ్చట లెక్కలు చెప్పుటకు పిలువగా, “వారు మనవారు కారు గదా” యని కొందరందురు. ప్రత్యుపకారము చేయలేనివానికి, తగిన దేశకాలములందు, పాత్రున కిచ్చునదే సాత్త్వికదానమని గీత పదునేడవ అధ్యాయమున భగవానుడు సెలవిచ్చెను. అందు జాతి పేరు లేదు. విద్య కొరకు కొండ దిగి వచ్చు బిడ్డకంటె పాత్రు డెవడు?

ఒకనాడు పోయి, మిఠాయి పంచి, ఫోటో తీయించుకొని మరలుట దానము కాదు. మరుసటి వారము పిల్లలు ఎదురుచూతురు. “సానిబోనాని” యని వారి భాషలో పలుకరించి, అచ్చటి ఉపాధ్యాయుని మాట విని, సంవత్సరమంతయు పోవలెను. తాతలు మోసిన ఇటుకల ఋణము అట్లు తీరును. సరస్వతీమాత అందరిని అనుగ్రహించుగాక!