మన నెత్తురు సంగతి ఎవరిది?

2022 మార్చి 5న తెలంగాణ ప్రభుత్వం ఈ-హెల్త్ ప్రొఫైల్ పథకాన్ని రెండు జిల్లాల్లో ప్రయోగంగా మొదలుపెట్టింది. ఒకటి రాజన్న సిరిసిల్ల, రెండోది ఉమ్మడి వరంగల్‌లోని మన ములుగు. 18 ఏళ్లు నిండినవారికి ఇంటి దగ్గరే బీపీ, షుగరు చూసి, రక్తం తీసి, వివరాలు కంప్యూటర్‌కు ఎక్కించారు.

ఇది చెడ్డ పని అని మేము అనడం లేదు. అడవి ఊరి నుంచి వరంగల్ ఎంజీఎం చేరేసరికి మందుల చీటీ వానకు నానిపోతుంది. పాత జబ్బేమిటో అక్కడి డాక్టరుకు తెరమీద కనబడితే ప్రాణం నిలుస్తుంది. గూడెంలో సిగ్నల్ లేకపోవడం ఇబ్బందే గానీ, అది టవర్‌తో తీరుతుంది. టవర్‌తో తీరనిది వేరే ఉంది.

వేలిముద్ర అంటే ఏమిటో మన పెద్దలకు బాగా తెలుసు. షావుకారు కాగితం మీద వేసిన ముద్రతో చెలకలు పోయాయి. 1/70 చట్టం ఊరికే రాలేదు. ఇప్పుడు ఆధార్‌తో 14 అంకెల ఆభా నంబరు ఇస్తున్నారు. అది తీసుకోవడం తప్పనిసరి కాదు, ఒకసారి ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు కూడా. ఈ మాట కోయ తప్ప తెలుగు సరిగా రాని అవ్వకు ఎవరు చెప్పారు? ఆమె తలూపింది నిజమే. సర్కారు మనిషి ఏమడిగినా ఆమె తలూపుతుంది. దాన్ని అంగీకారం అనలేం.

సికిల్ సెల్ దగ్గర చిక్కు ఇంకా ముదురుతుంది. 2023 జూలై 1న మొదలైన జాతీయ మిషన్, ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించాలనుకుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే, ప్రతి కాన్పులో బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. కాబట్టి పెళ్లికి ముందే తెలియడం మంచిది. తెలియాల్సింది ఎవరికి? వాహకురాలికి సాధారణంగా ఏ జబ్బూ ఉండదు. అయినా కార్డు రంగు ఊళ్లో పొక్కితే ఆమెకు సంబంధాలు తప్పిపోతాయి (మగపిల్లవాడి కార్డు ఎవరూ అంతగా అడగరు). పైగా ఒక్కరి నెత్తురు చెబితే అన్నదమ్ముల నెత్తురూ సగం చెప్పినట్టే. వాళ్లను ఎవరూ అడగలేదు.

ఊరందరి మేలు కోసం ఒకరి గుట్టు బయటపెట్టవచ్చని కొందరు అంటారు. మేము ఒప్పుకోం. జబ్బు ఎట్లా వస్తుందో ఊరంతటికీ చెప్పాలి. ఎవరికి ఉందో ఆ మనిషికే చెప్పాలి, పెళ్లి మాట వచ్చినప్పుడు అవతలివారికి చెప్పేది ఆ మనిషే. ట్యాబ్ పట్టుకుని వచ్చే ఏఎన్ఎమ్మకు ఈ తేడా నేర్పారో లేదో మనం అడగాలి. ఆమె గూడేనికి రాకముందే బడి పంతుళ్లు, చదువుకున్న పిల్లలు కూర్చుని 'వద్దు అనవచ్చు' అన్న మాటను కోయలో చెప్పి ఉంచాలి.