ఎంత బండి చాలును?

మా తండ్రుల కాలమున గృహస్థునకు వాహనమును గూర్చిన ప్రశ్న ఒక్కటే యుండెడిది: కొనవలెనా, వలదా? సైకిలు చాలునని అనేకులు, స్కూటరు కావలెనని కొందరు, కారు మనకేలయని దాదాపు అందరును అనుకొనెడివారు. నేడు బెంగుళూరులో స్థిరపడిన మన మధ్యతరగతి కుటుంబములలో ఆ ప్రశ్న తీరిపోయినది. దాని స్థానమున మరియొకటి వచ్చి కూర్చున్నది: చిన్నది కొనవలెనా, పెద్దది కొనవలెనా? ఇది బేరసారముల విషయము గదా, సంచికలో ధర్మవిచారముల నడుమ దీనికి చోటెక్కడిదని కొందరు పాఠకులకు తోచవచ్చును. మాకట్లు తోచదు. మనుష్యుడు తనకెంత కావలెనో తానే నిర్ణయించుకొను ప్రతి చోటను ధర్మము ప్రవేశించును. బియ్యపు కొలతలో ప్రవేశించినది బండి కొలతలో ప్రవేశింపకపోవునా?

పూర్వము పెద్ద కారు కొనువానికి మనస్సులో ఒక మూల కొంచెము సంకోచముండెడిది. ఇంత పెట్రోలు కాల్చుట న్యాయమాయని ఆ సంకోచము. హైబ్రిడ్డు వచ్చి దానిని తుడిచివేసినది. 'ఇది ఇంధనము తక్కువ త్రాగును. కావున ఎంత పెద్దదైనను దోషము లేదు' అను వాదము ఇప్పుడు మన ఇండ్లలో తరచుగా వినబడుచున్నది. ఈ వాదమును కొంచెము విప్పి చూడవలెనని మా యుద్దేశము. మేము ఎస్.ఎస్.ఎల్.సి. వరకు మాత్రమే చదివి, ముప్పదియైదేండ్లు గుమాస్తా పని చేసి విరమించినవారము. శాస్త్రజ్ఞులము కాము. కాని పద్దు చూచుట వచ్చును.

హైబ్రిడ్డనగా రెండు ప్రాణముల బండి. పెట్రోలు యంత్రమొకటి, విద్యుత్తుతో తిరుగు మోటారొకటి. బ్రేకు వేసినపుడు మామూలు కారులో వేడిగా మారి వృథాయగు శక్తిని ఇది విద్యుత్తుగా మార్చి బ్యాటరీలో దాచుకొనును. నిలిచినపుడు యంత్రము ఆగిపోవును. మెల్లగా కదలునపుడు చాలవరకు మోటారే లాగును. కావున ఆగి ఆగి సాగు ఊరిలో దీని ప్రయోజనము హెచ్చు. వేగముగా ఏకధాటిగా పోవు రాజమార్గమున తక్కువ. ఇంతకంటె బెంగుళూరునకు తగిన బండి యుండునా? టామ్‌టామ్ సంస్థ 2022వ సంవత్సరపు లెక్కలో మన నగరమధ్యమున 10 కిలోమీటర్లు సాగుటకు సగటున 29 నిమిషములు పట్టుచున్నదని చెప్పి, ప్రపంచమున రెండవ స్థానమిచ్చెను. సిల్క్ బోర్డు కూడలిలో నిలిచినవారికి ఆ లెక్క చెప్పనక్కరలేదు.

ఈ బండ్లకును మన ఊరికిని సంబంధము దగ్గరిది. జపానులో టొయోటా వారు ప్రియస్ అను తొలి హైబ్రిడ్డును అమ్మకమునకు పెట్టినది 1997లో; మైసూరు రోడ్డున బిడదిలో టొయోటా కిర్లోస్కర్ సంస్థ ఏర్పడినదియు ఆ యేడే. తట్టె ఇడ్లీకి పేరొందిన ఆ ఊరినుండి మొదట క్వాలిస్, 2005లో ఇన్నోవా వెలువడినవి. 2013 నుండి క్యామ్రీ హైబ్రిడ్డును అక్కడ కూర్చుచుండిరి. అది ధనవంతుల బండి. 2022లో మాత్రము హైబ్రిడ్డు మనవంటివారి యాలోచనలోనికి దిగినది. ఆ సంవత్సరముననే హైరైడర్ అను ఐదు సీట్లదియు, ఇన్నోవా హైక్రాస్ అను ఏడెనిమిది సీట్లదియు బిడదినుండి బయలుదేరినవి. మన ఇండ్లలో జరుగు చర్చ చాలవరకు ఈ రెంటి నడుమనే.

ఇక పద్దునకు వత్తము. తయారుచేసినవారు చెప్పు లెక్కప్రకారము చిన్నది లీటరునకు 27.97, పెద్దది 23.24 కిలోమీటర్లు పోవును. వీథిలో ఈ సంఖ్యలు రెండును తగ్గును. పోల్చుటకు మాత్రము పనికివచ్చును. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగినచో చిన్నదానికి 429 లీటర్లు, పెద్దదానికి 516 లీటర్లు కావలెను. తేడా 87 లీటర్లు. లీటరు నూరు రూపాయలని పట్టుకొన్నను తొమ్మిదివేలకు లోపే. కొనుగోలు ధరలోని తేడాయో, తొమ్మిది పది లక్షల వరకు ఉన్నది. పెట్రోలు పొదుపు కొరకు చిన్నది కొనుచున్నామని చెప్పువారును, పెట్రోలు పొదుపగునని పెద్దది కొనుచున్నామని చెప్పువారును ఒక్కరీతిగానే తమ్ము తాము మభ్యపెట్టుకొనుచున్నారు. అసలు విషయము పెట్రోలులో లేదు.

అది సీట్లలో ఉన్నది. ఎనిమిదిమంది ఎక్కిన పెద్ద బండి, మనిషికి లెక్కగట్టినచో, లీటరునకు 186 కిలోమీటర్ల ప్రయాణమిచ్చును. ఐదుగురెక్కిన చిన్నది 140 మాత్రమే ఇచ్చును. ఆరుగురు వెళ్ళవలసి రెండు చిన్న బండ్లు కట్టినచో అది 84కు పడిపోవును. ఇద్దరే కూర్చున్నచో చిన్నదానికి 56, పెద్దదానికి 46. అనగా నిండిన పెద్ద బండి నిండిన చిన్నదానికంటె మితవ్యయము కలది. ఖాళీగా తిరుగునప్పుడే అది దుబారా. కాబట్టి 'పెద్దది పాపము, చిన్నది పుణ్యము' అను తీర్పు నిలువదు. అడుగవలసినది ఒక్కటే: ఆ మూడవ వరుస ఏడాదిలో ఎన్ని దినములు నిండును?

ఈ ప్రశ్నకు అంగడిలో సమాధానము దొరకదు. అక్కడ జరుగునది వామనావతార కథ. మూడడుగులు చాలునని లోనికి పోయినవాడు త్రివిక్రముడై వెలుపలికి వచ్చును. నెలకు మరి కొన్నివేలు కంతు కట్టిన పైకప్పున అద్దము వచ్చును, మరి కొన్నివేలకు మూడవ వరుస వచ్చును. కడపటి అడుగు ఎవరి నెత్తిన పడునో చెప్పనేల? ఈ మాయలో 'చిన్న' అను మాటకే అర్థము మారిపోయినది. నేడు చిన్నదనుకొను హైరైడర్ పొడవు 4,365 మిల్లీమీటర్లు; మన బాల్యమున మంత్రులు ఎక్కిన అంబాసిడరు కంటె పొట్టిది కాదు. 2025 సెప్టెంబరు 22 నుండి అమలైన జి.ఎస్.టి. సవరణలోను నాలుగు మీటర్లు దాటని, 1,200 సి.సి. మించని పెట్రోలు బండ్లకే 18 శాతము. మన హైబ్రిడ్లు రెంటికిని 40 శాతము. చట్టము దృష్టిలో రెండును పెద్దవే! నిజముగా చిన్నదనదగిన బండిని మన బెంగుళూరే ఒకప్పుడు చేసినది. 2001లో వెలువడిన రేవా విద్యుత్తు కారు పొడవు రెండున్నర మీటర్లకు కొంచెమెక్కువ. లండనులో దానిని జీ-విజ్ అను పేరుతో కొనిరి. ఇక్కడ మనము దానిని చూచి నవ్వితిమి, కొన్నవారు కొద్దిమంది.

వీథిని గూర్చియు చెప్పవలెను. మన ఇండ్లు చాలవరకు ముప్పది నలుబది సైటులలో, అంతకంటె చిన్నవానిలో, గోడకు గోడ తగిలి యున్నవి. కారు వీథిలోనే నిలుచును. పెద్ద హైబ్రిడ్డు చిన్నదానికంటె ఆక్రమించు నేల సుమారు ఒక చదరపు మీటరెక్కువ. ఒక చదరపు మీటరేమి లెక్కయని యనవచ్చును. బండిని ప్రక్కగా నిలిపిన పిమ్మట పాలవాని సైకిలు పోవునా, పక్కింటి వృద్ధురాలు గోడ పట్టుకొని నడచుటకు వీలుండునా యనునది ఆ మీటరులోనే తేలును. 2021లో ప్రభుత్వమామోదించిన పార్కింగు విధానములో ఇంటియెదుట నిలుపుకొనుటకు చిన్న బండికి తక్కువ, పెద్ద బండికి హెచ్చు రుసుము ఉండవలెనని యున్నది. అది కాగితముమీద ఉన్నంతగా వీథిలో కనబడదు. అయినను ఆలోచన సరియైనది. మన పెద్దలు అనంతపురము, చిత్తూరు, కోలారు సీమలనుండి వచ్చి చిక్కపేట, బళేపేటలలో అంగళ్ళు పెట్టుకొని, ఇరుగుపొరుగు కన్నడిగులతో తగవు లేక మూడు నాలుగు తరములు బ్రతికిరి. వాకిట ముగ్గు మన గుమ్మము దాటి వారి గుమ్మమెక్కకుండ చూచుకొనుట వారు నేర్చిన మర్యాదలలో ఒకటి. బండి విషయమున ఆ మర్యాదను మరువదగునా?

బరువు సంగతియు ఇట్టిదే. పెద్ద బండి చిన్నదానికంటె మూడు వందల కిలోలకు పైగా బరువు. లోపల కూర్చున్నవారికి అది క్షేమమని అందురు; కొంతవరకు నిజమే. కాని ఆ బరువు ఎదుట వచ్చు స్కూటరువానికి క్షేమము కాదు. మన పిల్లల క్షేమమును పరుల పిల్లల అపాయముతో కొనుట ఎంతవరకు తగునని అడిగినచో మా అబ్బాయి యొద్ద సమాధానము లేదు. నిజము చెప్పవలెనన్న మాయొద్దను లేదు. తన బిడ్డ కూర్చున్న వైపే తండ్రి చూచును.

ఇంతవరకు వాదమంతయు చిన్నదానివైపు మొగ్గుచున్నది. పెద్దదానివైపు చెప్పదగిన బలమైన మాటయొకటి కలదు. దానిని మాకు చెప్పినది హిందూపురములోనున్న మా అక్కగారు. బెంగుళూరులో ఉన్న తెలుగు ఇల్లు సగము సత్రమని మీకు తెలియనిది కాదు. నిమ్హాన్స్‌కో, జయదేవకో, వైట్‌ఫీల్డు సత్యసాయి ఆసుపత్రికో రోగిని తీసికొని వచ్చు బంధువులు మన ఇంటనే దిగుదురు. ఒకమారు వారింటినుండి నలుగురు రాగా, మా పాత కారులో చోటు చాలక, ఇద్దరికి బాడుగ బండి పిలిచితిమి. అక్కగారు గడప దగ్గరనే నిలిచి, "ఏమప్పా, మీ బండిలో మాకు చోటు ల్యాదా?" అనిరి. బాడుగకు ఎంతయైనదని ఆమె అడుగలేదు. సీటు అనునది కూర్చుండు పలక మాత్రమే కాదని, అది ఒక మాట యనియు ఆనాడు మాకు బాగుగా తెలిసినది. అతిథిని దేవునివలె చూడుమన్న ఉపనిషత్తు ఈ కాలమున పుట్టియుండినచో మూడవ వరుసను గూర్చి ఏమి చెప్పెడిదో!

గుమాస్తా బుద్ధి చొప్పున మేమొక పద్దు తెరచితిమి. ఏప్రిలు 1 నుండి మార్చి 31 వరకు కారు కదలినది 241 దినములు. ఒక్కరే వెళ్ళినది 148; ఇద్దరు 61; ముగ్గురు నలుగురు 23; సీట్లన్నియు నిండినది 9. ఇట్టి పద్దునకు ఒక పరిమితి కలదు. చిన్న బండి తన సాక్ష్యమును తానే పుట్టించుకొనును. ఐదు సీట్ల బండిలో ఏడుగురెక్కిన దినము పుస్తకములో ఎట్లు కనబడును? కావుననే మేము మొదటనే రెండవ గడి గీసితిమి: 'ఎక్కనివారు'. చోటు లేక ఇంటియొద్ద నిలిచినవారు, బాడుగ బండిలో వచ్చినవారు, అసలు రాననుకొన్నవారు. ఏడాదిలో అవి నాలుగు. పాఠకులెవరైన కారు కొనదలచినచో ముందీ రెండు గడులను నింపి చూడుడని మా మనవి. రాబోవు సంవత్సరపు ఆశను వ్రాయరాదు. గడచిన సంవత్సరపు నిజమును వ్రాయవలెను. ఆశకు ఎన్ని వరుసలైనను చాలవు.

ఆరుగురేడుగురు ఒక్క కప్పుక్రింద నివసించు ఉమ్మడి కుటుంబములు మనలో ఇంకను కలవు. వారి మూడవ వరుస వారమునకు నాలుగు దినములు నిండును. అట్టివారు పెద్దది కొన్నచో మేము వ్రేలెత్తి చూపము; వారే అందరికంటె మితవ్యయులు. మా యింటి పద్దు మాత్రము వేరు తీర్పు చెప్పినది. తొమ్మిదియు నాలుగును కలిపి పదుమూడు దినముల కొరకు తక్కిన మూడు వందల యేబదిరెండు దినములు ఖాళీ వరుసను ఊరంతయు మోసికొని తిరుగుట మాకు సమ్మతము కాలేదు.

మరి అక్కగారి మాట? దీనిపై మేము చాలదినములు ఆలోచించితిమి. మన చిన్ననాటి ఇండ్లలో అతిథికొరకు వేరుగది యుండెడిది కాదు. చుట్టము వచ్చిన రాత్రి మంచము చుట్టమునకు, చాప యజమానునకు. మర్యాద గది కట్టుటలో ఉండలేదు, మంచము దిగుటలో ఉండెను. బండిలోను అంతే యని మా యభిప్రాయము. చుట్టము వచ్చినపుడు ఇంటివాడు దిగవలెను. 2023 అక్టోబరులో మెట్రో పర్పుల్ మార్గము వైట్‌ఫీల్డు నుండి చల్లఘట్ట వరకు పూర్తియైనది. దిగినవానికి ఇప్పుడు దారి కలదు. బాడుగ బండిలో పోవలసినది మనము, చుట్టము కాదు. ఈ మాత్రపు ఇబ్బంది మనకు లేకుండ చేయుటయే మూడవ వరుస అమ్మకములోని రహస్యము.

మరియొక్క సంగతి. 1865లో జెవన్స్ అను ఆంగ్లేయ అర్థశాస్త్రజ్ఞుడు బొగ్గును గూర్చి ఒక గ్రంథము వ్రాసి, యంత్రములు బొగ్గును పొదుపుగా వాడుకొలది బొగ్గు ఖర్చు తగ్గదు, పెరుగునని వాదించెను. చవుకైన పనిని మనుష్యుడు మరింత చేయును గదా. హైబ్రిడ్డు వచ్చిన ఇండ్లలో, కూరగాయలకు కాలినడకన పోవువారు కారు తీయుట మేము చూచుచున్నాము. చిన్నది కొన్నవారికిని ఈ మాట వర్తించును.

మా అబ్బాయి కడకు చిన్నదే కొన్నాడు. దాని బ్యాటరీ వెనుకనుండుటచే సామానుల అరలో చోటు కొంత తగ్గినది; దీనిని అంగడివారు నెమ్మదిగా చెప్పిరి. గత మాసమున అక్కగారు కంటి శస్త్రచికిత్సకు వచ్చినపుడు మేమును మా అబ్బాయి కుమారుడును మెట్రోలో వెళ్ళితిమి. ఆమెను ముందు సీటులో కూర్చుండబెట్టిరి. ఆసుపత్రి గుమ్మమువద్ద కలిసికొన్నపుడు ఆమె చోటు మాట ఎత్తలేదు. వెనుక అర ఇరుకగుటచే వేరుసెనగల సంచిని దారిపొడుగున ఒడిలో పెట్టుకొనవలసివచ్చెనని మాత్రము మందలించిరి.