అజాగ్రత్త ఎవరిది?

2023లో 'దసరా' చిత్రం వచ్చినప్పుడు మా విద్యార్థుల మధ్య ఒక వాదం చెలరేగింది. నేనుండేది కృష్ణానగర్‌లో. ఎగువన ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్. అక్కడ తయారయ్యే కథల మీద ఇక్కడి టీకొట్ల దగ్గర తీర్పులు వెలువడుతుంటాయి. సింగరేణి ప్రాంతపు బొగ్గుపల్లెను చూపిన ఆ చిత్రంలో ఊరికి నడిబొడ్డు సిల్క్ బార్. "బొగ్గుబాయి మనుషులంటే తాగుబోతులేనా?" అని ఒక కుర్రవాడు నిలదీశాడు. వాళ్ల నాన్న చాలా ఏళ్లు బాయి దిగినవాడు (గనిని అక్కడివారు బాయి అంటారు). "లేనిది చూపారా?" అన్నాడు ఇంకొకడు. నేనేదో సర్దిచెప్పాను. సర్దిచెప్పడం అధ్యాపకులకు అలవాటే గదా! కాని దానివెనుక ఉన్న ప్రశ్న నన్ను వదలలేదు. మనిషి చేసే పనే అతని ఎరుకను అరగదీస్తే, ఆ అరిగిన ఎరుకతో అతడు చేసిన పొరపాటుకు బాధ్యుడెవరు?

బొగ్గుపని కేవలం కండల పని అనుకోవడం మన అభ్యుదయ సాహిత్యంలోని పాత పొరపాటు. గని కార్మికుడికి పిడికిలి ఇచ్చాం, జెండా ఇచ్చాం. తల ఇవ్వడం మరచిపోయాం. నా కళ్లు తెరిపించింది ఆ కుర్రవాడి తండ్రే. ఒకసారి కొడుకును చూడవచ్చి, అద్దెగదిలో కూర్చోకముందే గొడుగుకర్రతో పైకప్పును రెండుచోట్ల తట్టాడు. కొడుకు నవ్వాడు. పెద్దాయన సిగ్గుపడి "పాత అలవాటు సారూ" అన్నాడు. గనిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును అలా తట్టి వినాలట. ఖంగుమంటే గట్టిది. డొల్లగా పలికితే పొర విడిపోయిందన్నమాట. వెనక్కి జరగాలి, ఊతం పెట్టాలి. ఫ్యాన్ల హోరులో, యంత్రాల రొదలో, ఉక్కపోతలో ఆ రెండు ధ్వనుల తేడా పట్టుకోవాలి. వీణ శ్రుతిచేసే వాడికి కావలసినంత ఏకాగ్రత ఇది. తప్పితే అపస్వరంతో పోదు.

ఆ ఏకాగ్రతనే గని తినేస్తుంది. బొగ్గు లోలోపల రాజుకున్నప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగులేదు, వాసనలేదు. రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమించి ముందు తలనొప్పి, తరువాత తికమక తెస్తుంది. అపాయాన్ని గుర్తించవలసిన బుద్ధినే అది మొదట దెబ్బతీస్తుంది. కాని రోజువారీ శత్రువు అంతకంటె సామాన్యమైనది: నిద్రలేమి. నైట్ షిఫ్టు వారం ఇంట్లో అందరూ సైగలతో మాట్లాడుకునేవాళ్లమని ఆ కుర్రవాడు చెప్పాడు. ఎండాకాలం మధ్యాహ్నం, రేకుల కప్పు కింద ఎంత నిశ్శబ్దంగా ఉంటే మాత్రం ఎంత నిద్ర పడుతుంది? పొద్దున లేచినవాడు పగలు కునుకు తీయకుండా రాత్రి షిఫ్టుకు దిగితే, తెల్లవారుజామున నాలుగింటికి అతడు మేలుకొని ఇరవై గంటలు దాటి ఉంటుంది. 1997లో డాసన్, రీడ్ అనే పరిశోధకులు 'నేచర్' పత్రికలో ఒక పోలిక ప్రకటించారు. 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి చేతిపనితనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుంది. మన మోటారు వాహనాల చట్టం డ్రైవరుకు అనుమతించే హద్దు 0.03 శాతమే.

ఇప్పుడు సిల్క్ బార్ సంగతి చూడండి. తాగినవాడు లోకానికి కనిపిస్తాడు, నిద్రలేనివాడు కనిపించడు. ఆ నిద్రకోసమే సీసా పట్టినవాడున్నాడు. సీసా మిగిలిన నిద్రనూ చెడగొడుతుంది. తాగుడును నేను సమర్థించడం లేదు. దాని వెల చెల్లించేది అతని భార్య అని నాకు తెలుసు. కాని చట్టం తీరు గమనించండి. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం ప్రకారం, మరణం, శాశ్వత సంపూర్ణ వైకల్యం తప్ప మిగతా గాయాలకు, కార్మికుడు తాగి ఉన్నందువల్లే జరిగిందని చూపి యజమాని తప్పుకోవచ్చు. కార్మికుడు తాగితే యజమానికి రక్షణ. యజమాని వేసిన షిఫ్టువల్ల కార్మికుడికి నిద్ర కరువైతే యజమాని మీద అలాంటి పద్దు ఏదీ లేదు. వృత్తివ్యాధుల పట్టికలో బొగ్గుధూళి తినేసిన ఊపిరితిత్తులకు చోటు దొరికింది, రొదకు చెడిన చెవికి దొరికింది, చెదిరిన మనసుకు దొరకలేదు. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ లోటును పూడ్చలేదు.

ఇది కొత్త తగవేమీ కాదు. మసక దీపాల కింద బొగ్గు తవ్విన బ్రిటిష్ కార్మికులకు కనుపాపలు నిలకడ లేకుండా ఊగే జబ్బు వచ్చేది. 20వ శతాబ్ది తొలి దశకంలో దానిని పరిహారానికి తగిన వ్యాధిగా అక్కడ ఒప్పుకున్నారు. దాని వెంట వచ్చే దిగులు, భయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇది రోగమా, డబ్బుకోసం నటనా అని వైద్యులే చాలాకాలం తర్కించారు. కంటికి కనిపించే వణుకు రోగం, కనిపించనిది నాటకం!

మనవాళ్లలోనూ కొందరు ఇవన్నీ మధ్యతరగతి మనోవ్యాధులనీ, కూలి పోరాటాన్ని పలచబరుస్తాయనీ అంటారు. నాకిది మింగుడుపడదు. 1886లో షికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం అడిగినప్పుడు మిగిలిన గంటల్లో నిద్రనూ అడిగారు గదా? భయం సంగతి మరీ పచ్చి నిజం. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. అటువంటి రోజు తరువాత కూడా షిఫ్టు సైరన్ మోగుతుంది. సాటివాడి శవాన్ని చూసి వణకడం రోగం కాదు, బుద్ధి సరిగా ఉందనడానికి గుర్తు. ఆ వణుకును అణచుకొని మళ్లీ దిగడాన్నే మనం ధైర్యమని పొగడుతూ వచ్చాం; దాని ఖరీదు ఎన్నడూ అడగలేదు.

నేడు సింగరేణి బొగ్గులో అత్యధికభాగం ఓపెన్ కాస్టులదే. కప్పు కూలే భయం అక్కడ లేదు. రాత్రిపూట డంపరు నడిపేవాడి రెప్పల బరువు మాత్రం అదే. (మా వీధిలో తెల్లవారుజామున యూనిట్ బస్సు దిగే లైట్‌బాయ్‌లదీ అదే బరువు. వారి సంగతి మరొక వ్యాసానికి.)

అయితే కార్మికుడికి బాధ్యతే లేదా? పెద్దాయన్నే అడిగాను. నొచ్చుకున్నాడు. "ఎందుకు లేదు సారూ? నా చేతిల ఉన్నదానికి నేనే జవాబు చెప్పాలె. కానీ నైట్ షిఫ్టుల నాలుగింటికి నా చేతిల ఏముంటది?"

ప్రమాద విచారణలో "కప్పు తట్టి చూశావా?" అని అడగవలసిందే. దాని పక్కనే ఇంకో మూడు ప్రశ్నలుండాలి: అది వరసగా ఎన్నో రాత్రి? అంతకుముందు ఎన్ని గంటలు నిద్రపోయాడు? ఆ షిఫ్టు వేసిందెవరు?