చెయ్యి పట్టుకోకండి!

సాయం చేయడమంటే చెయ్యి పట్టుకోవడమే అనుకుంటూ నలభై ఏళ్ళు దాటించేశాను. అస్తమానం అది నిజం కాదు సుమా అని నాకు నేర్పింది, నా కూతురి కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, అంతే, ఒక చిన్నపిల్ల.

ఆ మధ్య మావారు స్కూటరు మీంచి పడి కుడికాలు విరగ్గొట్టుకున్నారు. 6 వారాలపాటు ఆ కాలు నేలకి ఆన్చడానికి వీల్లేదన్నారు డాక్టరుగారు. ఇంటికి పంపేముందు చంకకర్రలతో నడక నేర్పడానికి ఫిజియోథెరపిస్టు అమ్మాయి వచ్చింది. మావారు మంచం మీంచి లేవబోతుంటే, అలవాటు కొద్దీ వెళ్ళి జబ్బ పట్టుకున్నాను.

"అమ్మా! మీరు చెయ్యి పట్టుకోకండి" అందా పిల్ల.

ఎంత రాతిగుండె, అనుకున్నాను.

చంకకర్రలంటే చంకల్లో పెట్టుకుని వాటిమీద వేళ్ళాడడమేనని నా ఉద్దేశం. పేరే అలా ఉంది మరి! కాదట. కర్ర పైభాగానికీ చంకకీ మధ్య 2, 3 వేళ్ళు పట్టేంత ఎడం ఉండాలట. పిడి పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొద్దిగా వంగాలి. కర్రల్ని పక్కటెముకలకు అదిమిపెట్టుకుని, బరువంతా అరచేతుల మీద మోపాలి. హాయిగా ఉంది కదా అని చంకల్ని ఆన్చి వేళ్ళాడితే అక్కడి నరం నలిగి చెయ్యి తిమ్మిరెక్కుతుందట. ఒక్కోసారి మణికట్టు పైకి లేవకుండా వాలిపోతుందట కూడా. "కాలు బాగుచేసుకోబోయి చెయ్యి పాడుచేసుకుంటామా అండీ?" అని నవ్వింది.

తర్వాత నడక. రెండు కర్రలూ ముందుకి. వాటిమీద అరచేతులు నొక్కిపట్టి మంచికాలు ముందుకి. చూపు పాదాల మీద కాదు, ఎదురుగా. కర్రల చివర రబ్బరు బిళ్ళలు అరిగిపోయాయేమో చూసుకుంటూ ఉండాలి. ఇంట్లో నేలమీద తడి, కాళ్ళు తుడుచుకునే పట్టాలు, అడ్డంగా పాకే వైర్లు ఉండకూడదు. ఇక మెట్లు. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, ఆ వెనక కర్రలూ దెబ్బకాలూ. దిగేటప్పుడు కర్రలూ దెబ్బకాలూ ముందు, ఆ తర్వాత మంచికాలు.

ఈ సూత్రం మా గుమ్మం దగ్గరే చిక్కు తెచ్చిపెట్టింది. మా అత్తగారు దిష్టి తీసి, "కుడికాలు ముందు పెట్టి రా నాయనా" అన్నారు. విరిగిందే కుడికాలాయె! మావారు నావంకా, వాళ్ళమ్మ వంకా, గడప వంకా చూశారు. "ఎక్కేటప్పుడు మంచికాలు ముందు పెట్టాలట అత్తయ్యా" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "సరేలే, ఇవాళ్టికి నడిపించే కాలే కుడికాలు. రా" అనేశారు. చదువుకున్నదాన్ని నాకంటే, వారం తిరక్కుండా నేను చేసిన పని చూస్తే, ఆవిడే నయం.

ఒకరోజు మావారు పెరటి మెట్లు దిగుతూ కాస్త ఊగారు. ప్రాణం ఆగక పరుగెత్తి చెయ్యి పట్టి లాగాను. ఆ లాగడంతో అటువైపు కర్ర నేలమీంచి లేచిపోయింది. రెండు కర్రలూ, ఒక కాలూ, ఆయనకున్న ఆధారాలు మూడే. అందులో ఒకటి నేనే ఊడబెరికాను! పక్కన గోడ ఉండబట్టి సరిపోయింది. నిలదొక్కుకుని, ఊపిరి తీసుకుని, ఒక్కమాట అన్నారు.

"నేను పడిపోతానని నీకంత నమ్మకమేమిటే?"

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. సిగ్గు విడిచి ఒక సంగతి చెబుతాను. నేను అందిస్తే తప్ప గ్లాసుడు మంచినీళ్ళు తాగలేని ఆయన్ని చూసి జాలిపడ్డ మాట నిజమే. కాని ఆ జాలి అడుగున ఎక్కడో చిన్న తృప్తి కూడా ఉంది. నేను లేకపోతే ఈ ఇల్లు గడవదన్న తృప్తి. ఆయన ఒక్కరూ గది దాటి వస్తే సంతోషించవలసిన దాన్ని, "అయ్యో, పిలవచ్చుగా!" అని కోప్పడ్డాను. అది ప్రేమేనా? మన అమ్మలు మనకి ప్రేమను అలాగే నేర్పారు. నోట్లో ముద్ద పెట్టడం, చెయ్యి పట్టి నడిపించడం. ఎప్పుడు వదలాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అయితే వదిలేయడమే గొప్పా? పట్టుకోకుండా ఊరుకుంటే, ఆయన పడితే, ఆ పాపం ఎవరిది? ఈ ప్రశ్నకి జవాబు ఆ పిల్ల అప్పుడే చెప్పింది, నేనే వినిపించుకోలేదు. నడిచేటప్పుడు మీరు ఒక అడుగు వెనగ్గా, దెబ్బకాలి వైపు ఉండండి. మెట్లెక్కుతుంటే వెనకాల, దిగుతుంటే ఎదురుగా, ఎప్పుడూ ఆయనకి కిందిమెట్ల వైపే ఉండండి. పట్టుకోవలసి వస్తే నడుముకి కట్టిన బెల్టు పట్టుకోండి గాని, చెయ్యి కాదు.

ఆలోచించి చూడండి, అవన్నీ మనిషి పడితే ఏ వైపు పడతాడో ఆ చోట్లు. అక్కడ నిలబడాలి, ముట్టుకోకూడదు! లాగడం కంటే, పక్కకి తప్పుకోవడం కంటే, అదే కష్టం. మా అమ్మాయి మొదటిసారి ఒక్కతే బ్యాంకుకి వెళ్ళిన రోజున గంటలో మూడుసార్లు ఫోను చేశాను. అదీ చెయ్యి పట్టి లాగడమే కదా!

అలాగని కర్రలు పారేస్తేనే మనిషి తన కాళ్ళమీద నిలబడ్డట్టు అనుకోకూడదు. జీవితాంతం కర్రలతోనే ఉద్యోగాలు చేసి, పిల్లల్ని పెంచి, పెళ్ళిళ్ళు చేసినవాళ్ళు ఎంతమంది లేరు! 1981లో జరిగిన ప్రమాదం వల్ల కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్ జైపూర్ కాలితో నాట్యం చేసింది. 'మయూరి' సినిమా చూసి మనమంతా కళ్ళు తుడుచుకున్నాం. ఆ కాలు చేసి ఇచ్చినవాళ్ళున్నారు, నిజమే. అడుగు వేసింది మాత్రం ఆవిడే. ఊతం ఉండడం చిన్నతనం కాదు. ఊతమే నడకైపోతేనే చిక్కు, చంకలాన్చి వేళ్ళాడితే చెయ్యి తిమ్మిరెక్కినట్టు.

మావారు ఇప్పుడు మామూలుగా నడుస్తున్నారు. కర్రలు అటకెక్కాయి. మొన్న వెనకవీధి ఆవిడ, వాళ్ళాయన మడమ విరిగిందని వాటికోసం వచ్చింది. నేనే తీసుకెళ్ళి, రబ్బరు బిళ్ళలు చూసి, ఆయన ఎత్తుకి సరిచేయించి ఇచ్చాను. ఆయన లేవబోయాడు. ఆవిడ ఆదరాబాదరా వచ్చి జబ్బ పట్టుకుంది.

"చెయ్యి పట్టుకోకండి. ఇలా, ఈ వైపు నిలబడండి" అన్నాను.

ఆవిడ నావంక ఒక్క చూపు చూసింది. ఆ చూపుకి అర్థం ఏమిటో నాకు బాగా తెలుసు.