పేరు రాసి తీసుకెళ్ళండి

కొల్లూరు దగ్గర కాలువ గట్టునున్న ఊళ్ళో ఒక తాతయ్య ఉండేవాడు. 1935లో పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా పుస్తకాల పడవ నడిచిన రోజుల్లో, దానికోసం గట్టు మీద ఎదురుచూసిన పిల్లల్లో ఆయనొకడు. ఆయన చదివిన తొలి కథల పుస్తకం ఆ పడవ ఇచ్చిందే. పెద్దయ్యాక మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిస్టర్ పార్వతీశం’ రెండు ప్రతులు కొని, మనవడికొకటి, మనవరాలికొకటి ఇచ్చాడు. “జాగ్రత్తగా చూసుకోండి” అన్నాడు.

అన్న తన పుస్తకాన్ని కొయ్యపెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఎవరడిగినా “నలిగిపోతుంది” అని ఇచ్చేవాడు కాదు.

చెల్లెలు తన పుస్తకం పక్కన ఒక నోటుబుక్కు పెట్టింది. తీసుకెళ్ళేవాళ్ళు పేరు, తేదీ రాయాలి. పేజీలు మడవకూడదు. పదిహేను రోజుల్లో తిరిగివ్వాలి. పిన్ని తీసుకెళ్ళి వంటింట్లో చదువుకుంటూ తనలో తానే నవ్వుకుంది. చూపు ఆనని పక్కింటి మామ్మగారికి ఆవిడ మనవడు చదివి వినిపించాడు. మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయలుదేరిన పార్వతీశం దారిలో పడ్డ పాట్లు విని, వాకిట్లో కూర్చున్నవాళ్ళంతా పడీపడీ నవ్వారు. ఒక కుర్రాడి దగ్గర రెండు కాగితాలు ఊడి ఎటో పోయాయి. వాడు టౌను లైబ్రరీకి వెళ్ళి, ఆ పేజీలు చేత్తో రాసుకొచ్చి అతికించి ఇచ్చాడు. అట్ట చిరిగితే మేనమామ మైదా జిగురుతో కొత్త అట్ట వేశాడు.

ఏళ్ళు గడిచాయి. కొడుకు చేత చదివిద్దామని అన్న పెట్టె తెరిచాడు. గోడ చెమ్మకు చెదలు పట్టి, లోపల పుస్తకం మన్నైపోయింది. చెల్లెలి ఇంటికి వెళ్ళాడు.

“చెల్లాయ్, నీ మేనల్లుడికి ఆ పుస్తకం కావాలి. ఇస్తావా?”

“ఇవ్వకేం అన్నయ్యా! నోటుబుక్కులో వాడి పేరు రాసి తీసుకెళ్ళు.”

రాయబోతూ పేజీలు తిప్పాడు. సగం ఊరి పేర్లు అందులో ఉన్నాయి. తన భార్య పేరు కూడా ఉంది.

నీతి: పుస్తకానికి పాఠకులే కాపలా. చేతులు మారే పుస్తకం ఎక్కడ చిరిగినా ఎవరో ఒకరి కంట పడుతుంది, బాగుచేసే చెయ్యి దొరుకుతుంది. తాళం వేసిన పుస్తకానికి ఏమైందో యజమానికే తెలియదు. ఇచ్చేవారు లెక్క రాసుకోవాలి, తీసుకున్నవారు గడువులోగా తిరిగివ్వాలి. ఊరూరికీ పడవ మీద పుస్తకాలు పంపిన నేల మనది. మీకెంతో ఇష్టమైన పుస్తకాన్ని ఈ వారమే బయటికి తీసి, మీవాళ్ళలో ఒకరికి చదవమని ఇవ్వండి.