సింహాసనాలు కూలిన తర్వాత...

అధికారం అల్లాహ్ అప్పగించిన అమానత్. దాన్ని సొంత ఆస్తిగా భావించిన పాలకుల గతి ఏమిటో 2011లో అరబ్బు దేశాల్లో మనం చూశాం.

2010 డిసెంబరు 17న ట్యునీషియాలోని సీదీ బూజీద్ పట్టణంలో బూ అజీజీ అనే యువకుడు, అధికారులు తన తోపుడుబండి సరుకు లాక్కున్నారన్న ఆవేదనతో ఒంటికి నిప్పంటించుకున్నాడు. ఆత్మహత్య ఇస్లాంలో నిషిద్ధం. అయితే ఒక పేదవాణ్ణి అంతదాకా నెట్టిన దౌర్జన్యానికి కూడా అల్లాహ్ సన్నిధిలో లెక్క చెప్పుకోవలసిందే! జనం వీధుల్లోకి వచ్చారు. 23 ఏళ్ళు ఏలిన బిన్ అలీ నెల తిరగకుండానే దేశం విడిచి పారిపోయాడు. ఈజిప్టులో ముబారక్ 30 ఏళ్ళ పాలన 18 రోజుల నిరసనలతో ముగిసింది.

మరి న్యాయం నెలకొందా? ఈజిప్టులో 2013లో సైన్యం మళ్ళీ పగ్గాలు చేపట్టింది. సిరియా పాలకుడు తన ప్రజలపైనే తుపాకులు ఎక్కుపెట్టాడు. ఆ దేశం ఇరాన్, రష్యా, తుర్కియా, అమెరికాల బలపరీక్షకు రంగస్థలమైంది. లక్షలాది ప్రాణాలు పోయాయి. చివరికి 2024 డిసెంబరు 8న బషర్ అసద్ రష్యాకు పారిపోయాడు. దాంతో లెబనాన్‌లోని హిజ్బుల్లాకు ఇరాన్ ఆయుధాలు చేరవేసే దారి తెగింది. ఒక్క ప్రభుత్వం కూలితే ప్రాంతమంతటా బలాబలాలు మారిపోయాయి.

జాలిమ్‌ను దించడం సగం పనే. ఆ స్థానంలో న్యాయం నిలబడకపోతే మరో జాలిమో, పరాయి శక్తో వచ్చి కూర్చుంటుంది. తనను తాను సంస్కరించుకోని జాతి స్థితి మారదన్నదే దివ్యఖుర్ఆన్ ‘రఅద్’ సూరా మనకు నేర్పే పాఠం. కూలివాని వేతనం ఎగ్గొట్టి, అక్కాచెల్లెళ్ళ ఆస్తివాటా మింగేసి, పాలకుల నుంచి న్యాయం కోరే అర్హత మనకెక్కడిది?

అల్లాహ్ మనందరికీ న్యాయంపై నిలిచే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.